కెమెరా పట్టిన పిల్లలకు తోడు ఎవరు?



డాక్యుమెంటరీలు తీసే యువత గురించి మాట్లాడమన్నారు. పాస్టరుకు సినిమాలతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. సాక్ష్యం అనే మాట మనకు కొత్త కాదు గదా. కళ్ళారా చూసినదాన్ని నలుగురి ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. డాక్యుమెంటరీ పని కూడా అదే. గుడిలో సాక్ష్యం చెప్పేవారికి మైకు ఇస్తాం, కూర్చుని వింటాం. మరి కెమెరా పట్టిన పిల్లలకు ఏమిస్తున్నాం?

మన మధ్య నుంచే మొదలుపెడతాను. బెజవాడ విల్సన్ గారు 1966లో కోలారు బంగారు గనుల్లో, పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడే అక్కడి పొడి మరుగుదొడ్లను ఫొటోలు తీసి అధికారులకూ పత్రికలకూ పంపారు. తరువాత ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దవారు, పాల్ దివాకర్ గారి లాంటి సహచరులు తోడు నిలిచారు. సఫాయి కర్మచారి ఆందోళన్ అలా పుట్టింది. 2016లో విల్సన్ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. ఫొటో తీసిన ధైర్యం ఆయనది. ఆ ధైర్యం ఒంటరిగా మిగిలిపోకుండా చూసింది తోడు నిలిచినవారు.

తమిళనాడుకు వద్దాం. 2017లో దివ్యభారతి అనే యువతి 'కక్కూస్' అనే డాక్యుమెంటరీ తీసింది. పాకీపని చేసేవారి బతుకులూ చావులూ అందులో ఉన్నాయి. తమిళనాడులో ఆ పనిలోకి నెట్టబడిన అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. ఆ సినిమా చూపించడానికి పోలీసులు అనుమతి ఇవ్వకపోతే ఆమె యూట్యూబ్‌లో పెట్టింది. తరువాత బెదిరింపులు వచ్చాయి, కేసులు వచ్చాయి. అంటే సినిమా పూర్తయిన రోజుతో కష్టం పూర్తి కాదన్నమాట.

అందుకే మన పిల్లలకు మూడు కలిపి ఇవ్వాలంటున్నాను. తోడు, డబ్బు, అండ. ఒకటి ఇచ్చి రెండు మరిచిపోతే పని నడవదు.

మొదట తోడు. నేర్పించేవాడు పై నుంచి మాట్లాడకూడదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళలు కెమెరా నేర్చుకున్నారు. వారిలో చాలామందికి చదువు రాదు. వాళ్ళే షాట్లకు పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. ఎదురెదురుగా, కంటికి సమానంగా చూస్తే అది సంఘం షాట్. నేర్పినవాళ్ళు ఇంగ్లీషు పేర్లు బట్టీ పట్టించి ఉంటే ఈ మాటలు మనకు దొరికేవి కావు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల గోడును లోకానికి చూపించింది కూడా ఆ మహిళలే.

తోడు కెమెరా నేర్పడంతో తీరదు. మ్యాన్‌హోల్‌లో మనిషి చనిపోయిన మూడో రోజున ఆ ఇంటికి కెమెరా తీసుకెళ్ళాలా, వద్దా? ఆ భార్య ముఖం చూపించాలా? ముందు ఒప్పుకుని తరువాత వద్దంటే తీసేయాలా? ఇరవై రెండేళ్ళ పిల్ల ఈ ప్రశ్నలతో రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు ఒకరుండాలి. పౌలు వద్దన్న మార్కును బర్నబా తన వెంట తీసుకుపోయాడు. మనకు కావలసింది అలాంటివాళ్ళు.

రెండోది డబ్బు. బయట దారులు లేకపోలేదు. 2004లో మొదలైన కోల్‌కతా డాక్ఎడ్జ్‌లో అనుభవజ్ఞులు కొత్తవారి ఆలోచనను సానబెట్టి, నిధులిచ్చేవారి ముందు నిలబెడతారు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళలకు గ్రాంట్లు ఇస్తుంది. కాని అక్కడిదాకా చేరాలంటే చేతిలో కొంత చిత్రీకరణ ఉండాలి, రాతకోతలు తెలిసి ఉండాలి. మన పిల్లలు ఆగిపోయేది ఆ మొదటి మెట్టు దగ్గరే. మద్రాసులో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం రాస్తారు. దరఖాస్తు రాయలేరు గాని కథ చెప్పమంటే గంటసేపు చెబుతారు. మనం ఇచ్చే నిధికి ఫోన్‌లో మాట్లాడి పంపినా చాలాలి.

విదేశీ నిధుల కోసం ఎదురుచూడవద్దు. 2020 సవరణ తరువాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. మన కానుకలే మనకు దిక్కు. ఇరవై సంఘాలు నెలకు 1,000 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 2,40,000 అవుతుంది. ఇద్దరికి చెరో 1,20,000. ఒకేసారి కాకుండా నాలుగు విడతలుగా ఇద్దాం. అందులో హార్డ్ డిస్కు, మంచి మైకు, బస్సు చార్జీలు మాత్రమే కాదు, షూటింగ్ కోసం వదులుకున్న రోజు కూలి కూడా లెక్కలోకి రావాలి. ఇల్లు గడవని పిల్లకు కెమెరా ఒక్కటే ఇస్తే రెండో నెలలో అమ్ముకోవలసి వస్తుంది.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. డబ్బు ఇచ్చాం కాబట్టి మన సంఘం బోర్డు కనిపించాలి, మన సేవ చూపించాలి అని అడగవద్దు. మన గుడిలో కూడా కులం చొప్పున బెంచీలు ఉన్నాయని ఒక పిల్లవాడు సినిమా తీస్తే, మూడో విడత డబ్బు ఆపుతామా? ఆపేటట్టయితే మొదటి విడత కూడా ఇవ్వవద్దు. సినిమా తీసినవారిదే. అందులో కనిపించినవారు అందరికంటే ముందు చూడాలి. మన వంతు ఆ తరువాత.

మూడోది అండ. సినిమా చూపించడానికి హాలు దొరకనప్పుడు మన హాలు తలుపులు తెరవాలి. పోలీసులు పిలిస్తే వెంట వెళ్ళే వకీలు ఉండాలి. మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనిషి పేరు, ఆ పనికి పంపినవారెవరు అనేది నమోదు కాకపోతే ఆ తీర్పు ఆ ఇంటికి చేరదు. మన పిల్లల కెమెరా ఆ నమోదు చేయగలదు.

ఈ రోజు భోజనాలకు లేచే ముందు మూడు కాగితాలు మీ మధ్య తిరుగుతాయి. ఒకదాని మీద నెలకు 1,000 ఇచ్చే సంఘాల పేర్లు రాయండి. రెండోదాని మీద రాత్రి ఫోన్ ఎత్తగలవారు, మూడోదాని మీద వకీళ్ళు, హాళ్ళ బాధ్యులు రాయండి. యువతీ యువకులారా, మీరు ఏమీ రాయనక్కరలేదు. నా దగ్గరికి వచ్చి మీ కథ చెప్పండి, వింటాను.