వండేదీ వాళ్లే, వడ్డించేదీ వాళ్లే

పొద్దుగూకగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. పిండి కలిపేది, రొట్టె కాల్చేది, పైసలు తీసుకునేది ఒక్కరే. సిరిసిల్లలో మరమగ్గం పని ముగించుకున్న కార్మికుడికి, పని మీద జగిత్యాలకో కోరుట్లకో వచ్చిన మనిషికి ఆ వేడి రొట్టె, ఇంత తొక్కు చాలు.

ఇక సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి సర్వ అనే గిన్నె అడుగున మందంగా ఒత్తుతారు. వేలితో రంధ్రాలు పెట్టి నూనె వేస్తారు. మూత పెట్టి, సన్నని సెగ మీద ఓపికగా కాలనివ్వాలి. తొందరపడితే అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే అది ఇంటి చేతికే కుదిరే వంట అని నా నమ్మకం.

సముద్రాల అవతల క్యూబాలోనూ ఇలా ఇంటి చేతి వంట అమ్మే చోట్లు ఉన్నాయి. ఇంట్లోనే నడిపే ఆ భోజనశాలలను పలదార్ అంటారు. ఒక బ్రెజిల్ టీవీ సీరియల్‌లో నాయిక నడిపిన భోజన వ్యాపారం పేరే వాటికి స్థిరపడింది. సోవియట్ యూనియన్ కూలి, దేశం కరువులో పడ్డాక, 1990లలో ప్రభుత్వం వాటికి అనుమతి ఇచ్చింది. మొదట పన్నెండు కుర్చీలకే! అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ అక్కడి వాళ్ల ఇంటి తిండి.

ఈసారి మన బజారుకు వెళ్లినప్పుడు ఆ జొన్నరొట్టెల పొయ్యి దగ్గర ఆగండి. బేరమాడకుండా, కడుపునిండా తినండి.