అతుకు గట్టిదైననే నీరు శుద్ధము



ఇంటింటికిని కొళాయి నీరందించుటకై 2019లో జలజీవన్ మిషన్ ఆరంభమైనది. మన వీధులలో పరచు పి.వి.సి. గొట్టములు తుప్పు పట్టవు. కాని అతుకు వదులైనచో ఆ మేలంతయు వ్యర్థమగును. నీరు కారిపోవుట ఒక్కటే నష్టము కాదు. సరఫరా ఆగిన వేళ గొట్టములో ఒత్తిడి తగ్గి, ప్రక్కనున్న మురుగు ఆ సందుగుండా లోనికి చొచ్చును. మరునాడు ఆ నీటినే పసిబిడ్డలు త్రాగుదురు.

కావున పని జరుగునప్పుడు మీరు దగ్గర నిలిచి చూడవలెను. గొట్టముపై ఐ.ఎస్. 4985 ముద్ర ఉన్నదా? రంపముతో వంకర లేకుండ కోసిరా? అంచున మిగిలిన పీచులను ఆకురాయితో తీసిరా? తొలుత ఊరక దూర్చి చూచి, ఎంతవరకు దిగునో గొట్టముపై గుర్తు పెట్టవలెను. పిదప తడియు మన్నును తుడిచి, గొట్టము వెలుపలను, కప్లింగు లోపలను సాల్వెంట్ సిమెంటు పలుచగా పూయవలెను. ఇది మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్కును మెత్తబరచి రెంటిని ఒకటిగా కలుపును. సులభముగా అంటుకొనునది గనుక దగ్గర బీడీ కాల్చరాదు. నల్లని పాలిథీన్ గొట్టములకిది పనికిరాదు.

సిమెంటు ఆరకమునుపే గొట్టమును కొంచెము త్రిప్పుచు గుర్తువరకు నెట్టి, అరనిమిషము కదలక పట్టుకొనవలెను. ఒక దినము ఆరనిచ్చి, కందకము పూడ్చకముందే నీరు వదలి ప్రతి అతుకును పరీక్షింపుడు. మన్ను కప్పిన లోపము మరల రోగరూపముననే బయటపడును. ఆ ఒక్క దినము ఓపిక పట్టుట గ్రామారోగ్యమునకు కాపుదల.