చెరువులకు పట్టు పచ్చతెట్టు - నివారణోపాయములు

ఉత్తరాంధ్ర గ్రామములకు గెడ్డలును, చెరువులును జీవనాధారములు. విజయనగరము పెద్దచెరువున పైడితల్లి అమ్మవారి విగ్రహము లభించినదని జనశ్రుతి. చెరువును అంతటి పవిత్రస్థానముగా నెంచిన ఈ సీమలోనే, ఎండలు ముదిరినపుడు కొన్ని చెరువుల నీటిపై పచ్చరంగు కలిపినట్లు చిక్కని తెట్టు కట్టుట మనము చూచుచున్నాము. ఇది గుఱ్ఱపుడెక్క కాదు. రేవు రాళ్లపై నుండు పాచియు కాదు. విడివిడిగా కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది పెరిగి నీటిపైకి తేలుటయే ఈ తెట్టు.

వీనిలో మైక్రోసిస్టిస్ మొదలగు కొన్ని జాతులు కాలేయమును చెఱచు విషమును పుట్టించును. నీటిని మరగించినను ఆ విషము పోదు. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సున ఇట్టి నీరు త్రాగి గొఱ్ఱెలును, పశువులును చచ్చినట్లు 1878లో జార్జి ఫ్రాన్సిస్ ప్రకటించెను. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో ప్రాంతమున 4 లక్షలకు పైగా ప్రజలు కొళాయి నీటిని త్రాగరాదని అధికారులు హెచ్చరింపవలసి వచ్చెను. విషము లేని జాతులైనను చేపలకు ముప్పే. పగలు ప్రాణవాయువును విడుచు ఈ జీవులు రాత్రివేళ దానిని పీల్చుకొనును. అందుచేతనే అట్టి చెరువులలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును.

దీనికి మైలుతుత్తము చల్లుట పాత పద్ధతి. అమెరికాలో 1904 నాటికే మూర్, కెల్లర్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని సూచించిరి. తెట్టు చచ్చుట నిజమే. కాని చచ్చిన కణములు పగిలి, లోపలి విషమంతయు ఒక్కసారిగా నీటిలో కలియును. కుళ్లుటచే ప్రాణవాయువు తఱిగి చేపలు చచ్చును. రాగి అడుగు మట్టిలో పేరుకొనును. అంతయు చేసినను, ఆహారమున్నంత కాలము తెట్టు మరల కట్టును.

ఆ ఆహారమేది? 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందమువారు ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విభజించిరి. రెండు భాగములందును కర్బనము, నత్రజని చేర్చి, ఒకదానియందు మాత్రము భాస్వరమును గూడ కలిపిరి. భాస్వరము కలిపిన భాగమే పచ్చబడినది. మన చెరువులకు ఈ భాస్వరము మురుగునీటినుండియు, పేడనుండియు, పొలముల ఎరువునుండియు చేరును. సియాటిల్ నగరమువారు లేక్ వాషింగ్టన్‌లో పడుచున్న మురుగును 1963 మొదలు 1968 వఱకు క్రమముగా మళ్లించగా, ఆ సరస్సు నీరు మరల తేటపడెను.

కావున శ్రోతలకు మేము మనవి చేయునది యిది. ఇంటి మురుగును చెరువులోనికి విడువక ఇంకుడుగుంటకు మళ్లింపుడు. వాన వచ్చు సూచనలున్నపుడు ఎరువు చల్లకుడు. వేసవిలో చెరువు ఎండినపుడు పూడికమట్టిని తీసి పొలములకు తోలుకొను పూర్వాచారమును నిలుపుడు. దానితో చెరువులోని భాస్వరము కొంత తొలగును, పొలమునకు సారము చేరును. చేపలు పెంచువారు నీరు చిక్కగా పచ్చబడినపుడు మేతను, పేడను తగ్గింపవలెను. తెట్టు కట్టినచో, గాలివాటున అది చేరిన రేవులో పశువులను దింపరాదు, పిల్లలను స్నానమునకు పంపరాదు. ఆ నీరు త్రాగుటకు వాడుచున్నచో వెంటనే మాని, పంచాయతీవారికి తెలిపి పరీక్ష చేయింపవలెను.

ఒక్క యిల్లు మురుగు మళ్లించినంత మాత్రమున చెరువు తేటపడదు. తొలకరికి ముందే ఊరివారందఱు కూడి, ఏ కాలువ ఏ వీధి మురుగును చెరువులోనికి తెచ్చుచున్నదో గట్టు వెంబడి నడచి చూచినచో పని ఆరంభమైనట్లే.