వకీలు ఎక్కడ ఏడవాలి?

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడని మనవాళ్ల సామెత. మూడు దశాబ్దాలకు పైగా కోర్టు గుమస్తాగా పనిచేసిన నాకు ఒక సందేహం మిగిలిపోయింది. మరి వకీలు ఎక్కడ ఏడవాలి? దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒకటో తారీఖు అనేది ఉంది. వకీలుకు అది లేదు. సీనియర్ దగ్గర చేరిన కుర్రవాడికి చాలాచోట్ల బస్సు చార్జీలు గిట్టితే గొప్ప. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని చెప్పింది. అది సిఫార్సే గాని హుకుం కాదు. 2020 లాక్‌డౌన్‌లో మన పెన్షన్‌లో కోత పడితేనే మనం కలవరపడ్డాం. కోర్టు తలుపులు మూసిన ఆ రోజుల్లో ఎందరో వకీళ్లకు రాబడి మొత్తమే ఆగింది.

రెండోది గడువు భయం. సివిల్ దావాలో తీర్పు మీద అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజుల్లో, హైకోర్టుకైతే 90 రోజుల్లో వేయాలి. దాటితే, ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపుతూ వేరే దరఖాస్తు పెట్టాలి. మన్నిస్తారన్న భరోసా లేదు. మన ఫైలు ఆలస్యమైతే మెమో వచ్చేది. వకీలు తారీఖు మరిస్తే ఒక రైతు పొలమే పోవచ్చు. ఆ బరువుతో ఆయన రాత్రి పడుకోవాలి.

మూడోది, 2022 జూన్ 2న కొత్త జిల్లాల్లో జిల్లా కోర్టులు మొదలయ్యాయి. జనగామ, ములుగు, మహబూబాబాద్ కక్షిదారులకు దూరం తగ్గింది, సంతోషం. హన్మకొండనే నమ్ముకున్న వకీలు మాత్రం కేసు వదులుకోవాలి, లేదా బస్సెక్కి దాని వెంట తిరగాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. 1990లలో నేనొక కోర్టులో బెంచి క్లర్కును. ఒక యువ వకీలు పేషీ పిలిచే ముందు కాగితాలు పట్టుకుంటే చేతులు వణికేవి. ఒకనాడు నా బల్ల దగ్గరకు వచ్చి, “రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు సార్” అన్నాడు. “ఇంత భయమైతే ఈ కోటెందుకు తొడుక్కున్నారు వకీలు సాబ్?” అన్నాను. పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కొన్నాళ్లకు కోర్టుకు రావడమే మానేశాడు. ఏమయ్యాడో విచారించలేదు. కారణం నేనే అనుకోను. కాని ఆయన చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని నేనే. వినలేదు.

వకీలు తన బాధ బయట చెప్పుకోడు. కక్షిదారుకు తెలిస్తే ఫైలు తీసుకుపోతాడని భయం. అందుకే ఇంట్లోవాళ్లు కనిపెట్టాలి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, చిన్న మాటకే కోపం, తాగుడు పెరగడం, ఫైలు విప్పాలంటేనే వెనకాడడం, ఇవి సోమరితనం కాదు. మన ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. 2022లో వచ్చిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. చికిత్స సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య చట్టమే ఇచ్చింది.

మన ఇళ్లలో కొడుకులు, కోడళ్లు, మనవరాళ్లు నల్లకోటు వేసుకుంటున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే “ఈరోజు ఎంత వచ్చింది?” అని అడగకండి. “రాత్రి నిద్ర పట్టిందా బిడ్డా?” అని అడగండి. జవాబు వచ్చేదాకా పక్కన కూర్చోండి. మనం రిటైరైన వాళ్లం, తొందరేముంది?