రాయి, కాగితం, దీపం

హోసూరు, కృష్ణగిరి సీమల పాత చరిత్ర, గుళ్ల చరిత్ర రాయాలనుకునే పిల్లలకు మూల ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని ఆకాశవాణివారు అడిగారు. చంద్రచూడేశ్వరుని కొండ గురించీ, కృష్ణగిరి కోట గురించీ మీకు నేను చెప్పాలా? నేరుగా రాళ్ల దగ్గరికే పోతాను.

ముందుగా ఒక చిక్కుంది. మన రాయి ఏ జిల్లాదో తేల్చుకోవాలి. 1965 దాకా మనది సేలం జిల్లా, ఆ తర్వాత ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. ఒకే శాసనాన్ని మూడు పేర్ల కింద వెతకాలన్నమాట. మైసూరు సంస్థానపు శాసనాలను రైస్ దొర ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ సంపుటాలుగా అచ్చువేయించాడు. బెంగళూరు జిల్లా సంపుటం 1905లో వచ్చింది. ఆనేకల్లు రాళ్లను అందులో చదువుకోవచ్చు. పొలిమేరకు ఇవతల ఉన్న మన రాళ్లకు మాత్రం మద్రాసు శాసన శాఖ వార్షిక నివేదికలు తిరగేయాలి. వాటిలో చాలా శాసనాలకు రెండు మూడు వరుసల సారాంశమే ఉంటుంది: రాజు పేరు, ఏలుబడిలో ఎన్నో ఏడు, ఇచ్చిన దానం. ఆ వరుసలనే ఎత్తి రాసుకుని ‘శాసనాధారం’ అని పేరుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాయి మొగం చూడనివాడికి శాసనం మాట ఎందుకు?

తెలుగు శాసనమే కావాలని పట్టుబడితే ఇక్కడ చేతికొచ్చేది తక్కువ. చోళులు ఏలిన నేల ఇది, హొయ్సళులు ఏలిన నేల. హొయ్సళ రామనాథుడు మన కుందాణిలోనే ఉండి రాజ్యం చేశాడు. రాళ్ల మీద ఎక్కువగా తమిళం, కన్నడం, నడుమ గ్రంథలిపి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే హోసూరు పిల్లలకు మాట ఎలాగూ వచ్చు. పాత లిపి నేర్చుకుంటే చాలు.

ఇక నాకు ప్రాణమైన పని, రాతి మీది అక్షరాలకు కాగితం మీద నకలు తీయడం. రాయిని నీళ్లు పోసి కుంచెతో రుద్ది కడుగుతారు. తడిపిన కాగితాన్ని దానిమీద పరిచి బ్రష్షుతో దబదబ కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంత ఆరాక సిరా అద్దిన గుడ్డముద్దతో పైపైన తడతారు. గుంటలు తెల్లగా మిగులుతాయి, తక్కినదంతా నలుపెక్కుతుంది. ఎండ ముదిరితే కాగితం ముందే ఆరి లేచిపోతుంది, గాలి వీస్తే చిరుగుతుంది. కానీ కుదిరినప్పుడు, కంటికి ఆనని అరిగిన కొమ్ము కూడా కాగితం మీద తేలుతుంది. రాయి పగిలిపోయినా ఆ నకలు మిగులుతుంది. మైసూరులో, చెన్నైలో కేంద్ర పురావస్తు శాఖవారి దగ్గర అలాంటి నకళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఇప్పుడు ఆ చేతిపని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. సెల్‌ఫోన్‌తో మిట్టమధ్యాహ్నం ఒక ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి, ‘చదివి పెట్టండి సార్’ అంటున్నారు.

ఒకసారి డెంకణీకోట దిక్కున ఒక వీరగల్లును కడుగుతున్నాను. కింది వరుసలో పోరు, నడిమి వరుసలో వీరుణ్ని తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం. మనవాళ్లు ఇలాంటి రాళ్లను వేడియప్ప అని కొలుస్తారు. ఒక అవ్వ వచ్చి నిలదీసింది.

“ఏమి సామీ, మా వేడియప్పను కడిగేస్తా ఉండావు?”

“అక్షరాలు చదవాల అవ్వా.”

“అచ్చరాలు ఆయన చచ్చినప్పుడు రాసినవి. దీపం మేము ఇప్పుడూ పెడతా ఉండాము.”

అక్షరాల్లో నూనెజిడ్డు పేరుకున్న మాట నిజమే. కానీ దీపంలేని రాళ్లు ఏమయ్యాయి? కొన్ని కాలువమీద పలకలయ్యాయి, కొన్ని బట్టలుతికే బండలయ్యాయి. గ్రానైటు క్వారీల జిల్లా మనది. మతచరిత్ర రాసేవాడు ఆ అవ్వ మాటను కూడా రాసుకోవాలి. పోరులో చచ్చిన మనిషి దేవుడెలా అయ్యాడో శాసనం చెప్పదు. నాకు కోపం అవ్వ మీద కాదు, కుంభాభిషేకం పేరుతో గుడిగోడకు ఇనామెల్ పెయింటు కొట్టించే పెద్దమనుషుల మీద. శాసనం ఉన్న పీఠానికి టైల్సు అతికించినవాళ్లనూ చూశాను.

రాళ్ల దగ్గరే పొద్దుపోయింది, మిగిలినవి గబగబా చెబుతాను. తాళపత్రాలకు, మెకంజీ పోగుచేయించిన ఊరి వృత్తాంతాలకు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పోవాలి. కృష్ణగిరి ఉన్న బారామహలు సీమ 1792లో టిప్పు చేతినుంచి కుంపిణీకి దక్కింది. అప్పటి గుడిమాన్యాల లెక్కలకు బారామహలు రికార్డులు చూడాలి. ఇంటి వంశాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్లు మీ ఊరికి ఇంకా వస్తుంటే కూర్చోబెట్టి చెప్పించుకుని రికార్డు చేసుకోండి.

చివరగా ఒక మనవి. మీ చేనిగట్టున అక్షరాలున్న రాయి ఉంటే కదిలించకండి, సున్నం పూయకండి. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీసి కృష్ణగిరి మ్యూజియంలో చూపించండి. దీపం మానొద్దు, అక్షరాలకు జానెడు దూరంలో పెట్టండి.