విసుగు పుట్టించిన టెస్టుతో మొదలుపెట్టండి
(బెంగళూరులో టెస్టింగ్ పనిలో ఉన్న యువతీయువకుల శనివారం కూడికలో చేసిన ప్రసంగం)

హోసూరు నుంచి, కోలారు నుంచి కూడా వచ్చారు, సంతోషం. మేము ముగ్గురం. ముగ్గురమూ మాన్యువల్ టెస్టర్లుగానే ఉద్యోగం మొదలుపెట్టాం. ఎక్సెల్ షీటు చూసుకుంటూ ఒక్కో బటనూ నొక్కి పాసో ఫెయిలో రాసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పని ఒక్కటే తెలిసినవాళ్ళకు టీముల్లో చోటు తగ్గిపోతోంది. మీలో చాలామంది ఆ భయంతోనే వచ్చారని మాకు తెలుసు. మేమూ అలా భయపడ్డవాళ్ళమే.

భయం పట్టుకుంటే ముందు ఏం చేస్తాం? కోచింగుకు డబ్బు కడతాం. మేమూ కట్టాం, మాలో ఒకరైతే అప్పు చేసి మరీ. మూడు నెలలు సెలీనియం కమాండ్లు నేర్పారు. తీరా ఇంటర్వ్యూలో, “మీ టీములో దేన్ని ఆటోమేట్ చేశారు, దేన్ని చేయకుండా వదిలేశారు, ఎందుకు?” అని అడిగితే నోట మాట రాలేదు. కమాండ్లు వచ్చాయి గానీ పని రాలేదు.

సెలీనియం పుట్టింది 2004లో, చికాగోలోని థాట్‌వర్క్స్ ఆఫీసులో. తమ ఖర్చుల లెక్కల అప్లికేషన్‌ను ప్రతిసారీ చేత్తో పరీక్షించలేక జేసన్ హగ్గిన్స్ దాన్ని మొదలుపెట్టాడు. అంటే విసుగెత్తిన ఒక మనిషి తన పని తేలిక చేసుకోవడానికి తయారుచేసుకున్నది. మీకూ అలా విసుగు పుట్టించిన టెస్టు ఒకటి ఉంటుంది కదా, దానితోనే మొదలుపెట్టండి. సెలీనియమైనా, ప్లేరైటైనా ఉచితంగానే దొరుకుతాయి.

ఎజైల్ టీములో ఈ అవసరం ఎక్కడొస్తుందో చూడండి. స్ప్రింటు రెండు వారాలు. మొదటి స్ప్రింటులో ఇరవై టెస్టులు ఉన్నాయనుకుందాం. ప్రతి స్ప్రింటుకూ ఇంకో ఇరవై చేరుతూ పోతే పదో స్ప్రింటుకు రెండు వందలవుతాయి. గడువు మాత్రం అదే రెండు వారాలు. పాతవన్నీ చేత్తో మళ్ళీ చూడటం ఎవరివల్లా కాదు. చూడకుండా వదిలేస్తే నిన్న పనిచేసింది ఇవాళ విరిగినా ఎవరికీ తెలియదు. అందుకే పాతవాటిని యంత్రానికి అప్పజెప్పి, కొత్తవాటిని మనం మన బుర్రతో చూడాలి.

ఒక టెస్టు రాశాక దాన్ని కావాలని ఒకసారి ఫెయిల్ చేయించండి. రావలసిన మొత్తం ఐదు వందలైతే టెస్టులో ఆరు వందలని పెట్టి నడపండి. అప్పుడూ పచ్చగానే వస్తే ఆ టెస్టు దేన్నీ చూడటం లేదన్నమాట. మా మొదటి టెస్టుల్లో సగం ఇలాంటివే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నవ్వు రానిది ఇంకొకటుంది. పేజీ తెరుచుకునేదాకా ఆగమనడానికి బదులు “ఐదు సెకన్లు ఆగు” అని ప్రతిచోటా రాసేశాం. మా ల్యాప్‌టాప్‌లో అన్నీ పాసయ్యేవి. రాత్రి సర్వర్ మీద మాత్రం రోజుకో రెండు ఫెయిలయ్యేవి. పొద్దున్న మళ్ళీ నడిపితే పాస్. మూడు వారాలకు ఎరుపు కనబడినా ఎవరూ పట్టించుకోవడం మానేశారు. అప్పుడే, ఒకే బిల్లు మీద తగ్గింపు రెండుసార్లు పడే తప్పు ఆ ఎరుపులోనే కలిసిపోయి కస్టమర్ల దాకా వెళ్ళింది. టెస్టు దాన్ని పట్టుకుంది, మేమే చూడలేదు. అప్పటినుంచి సెకన్లు లెక్కపెట్టడం మానేసి, కావలసినది తెరమీదికి వచ్చేదాకా ఆగేలా రాస్తున్నాం. నిలకడలేని టెస్టును అదే రోజు బాగుచేస్తాం, లేదా తీసేస్తాం. ఒక టెస్టు డేటా మీద ఇంకో టెస్టు ఆధారపడకుండా చూసుకుంటాం.

అన్నింటినీ తెరమీదే పరీక్షించనక్కర్లేదు కూడా. తగ్గింపు లెక్క సరిపోయిందా అనేది డెవలపర్ రాసే యూనిట్ టెస్టులోనో, ఏపీఐ టెస్టులోనో క్షణంలో తేలుతుంది. మైక్ కోన్ 2009 నాటి తన పుస్తకంలో దీన్నే పిరమిడ్‌గా చూపించాడు: అడుగున యూనిట్ టెస్టులు ఎక్కువగా, పైన తెరమీది టెస్టులు కొద్దిగా.

దీనికి డెవలపర్ పక్కన కూర్చుని మాట్లాడాలి. మనవాళ్ళకు అసలు కష్టం ఇక్కడే. ఇంటినుంచి మొదటిసారి ఆఫీసు మెట్లెక్కినవాళ్ళం, ఇంగ్లీషు తడబడుతుంది, “సార్ ఏమనుకుంటారో” అని ఊరుకుంటాం. “ఈ బటనుకు మారని ఐడీ ఒకటి పెట్టండి, లేకపోతే మీరు డిజైన్ మార్చినప్పుడల్లా నా టెస్టు విరుగుతుంది” అని అడగడం తప్పు కాదు. అది మీ పని. స్ప్రింటు చివర కాదు, స్టోరీ చర్చకు వచ్చిన రోజే అడగండి. మేము ఇది అడగడానికి రెండేళ్ళు పట్టింది!

ఒక ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి, కనీసం రెండక్షరాలు ఉండాలి అని పెట్టారు. మా ఆటోమేషన్ రోజూ పాసయ్యేది, ఎందుకంటే టెస్టు డేటాలో పేర్లన్నీ రెండు భాగాలవే. తమిళనాడులో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో ఎంతమందికి పేరు ముందు ఒక్క ఇనీషియలే ఉంటుందో మీకు చెప్పాలా? చెన్నై నుంచి వచ్చిన మాలో ఒకరు తన సొంత పేరు కొట్టి చూస్తే ఫారం ముందుకు కదల్లేదు. మనం రాయని టెస్టును యంత్రం తనంతట తాను నడపదు. ఇప్పుడు ఆ పేరు మా టెస్టుల్లో శాశ్వతంగా ఉంది.

వచ్చే శనివారం ఒక్కొక్కరూ మీకు విసుగు పుట్టించే టెస్టు ఒకటి మామూలు తెలుగులో కాగితం మీద రాసుకురండి. మీ కంపెనీ కోడు, కస్టమర్ల డేటా మాత్రం తేవద్దు. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు దిగులుపడకండి, ఇక్కడ రెండున్నాయి, ఇద్దరిద్దరుగా కూర్చుందాం.