తాళపుచెవి పాతదే, కావలివాడు క్రొత్తవాడు

అనంతపురము జిల్లాలో వానకబురు సామాన్యమైన కబురు కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్టసీమలో, ఏ ఊరిలో ఎంత పదును పడినదో తెలిసినగాని రైతు వేరుసెనగ విత్తుటకు సాహసింపడు. అందుచే పల్లెల వర్షపాతపు లెక్కలను దూరముననున్న ఒక కంప్యూటరునుండి వేకువజామున తెప్పించుకొని ఉదయప్రసారములో చదువుట మాకు అలవాటు. ఆ పనిని మా యంత్రము తనంత తానే చేసెడిది. పాస్‌వర్డు అడుగువారు లేరు, చెప్పువారును లేరు.

ఒక జూన్ మాసమున ఆ దూరపు యంత్రములోని సాఫ్టువేరును నవీకరించిరి. ఇల్లు అలకగానే పండుగ కాదను సంగతి మరునాడే తెలిసినది. లెక్కలు రాలేదు, వానకబురు చదువలేకపోతిమి. "ఏం సామీ, మా ఊరి వాన మీకు కనపడలేదా?" అని ఒక వృద్ధ రైతు టెలిఫోనులో అడిగినప్పుడు మాకు జవాబు తోచలేదు.

ఇట్టి రాకపోకలకు ఆధారము ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతి. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయమున టాటు యులోనెన్ 1995లో దీనిని రూపొందించెను. ఇందు తాళపుచెవికి రెండు భాగములు. రహస్యభాగము మన యంత్రమును విడిచిపోదు. బహిరంగభాగము దూరపు యంత్రములో నుండును. గుత్తికోట ద్వారమున నిలిచిన కావలివానికి దొరగారి ముద్ర యెట్టిదో తెలియునుగాని, ముద్రాంగుళీయకము మాత్రము దొరవ్రేలినే యుండునట్లు ఊహింపుడు.

మేము మొదట పాస్‌వర్డు చెప్పి చూచితిమి, లోనికి పోగలిగితిమి. కావున దారి సరిగానే యున్నది. పిమ్మట బహిరంగభాగముండు ఫైలును, దాని సంచిని పరీక్షించితిమి. సంచికి 700, ఫైలుకు 600 అనుమతులుండుట క్షేమము; ఇతరులు వ్రాయుటకు వీలుండినచో కావలివాడు ఆ ఫైలును నమ్మడు. తొందరపడి 777 ఇచ్చువారు తమ తలుపును తామే మూసుకొందురు. మా అనుమతులు సరిగానే యుండెను. తుదకు దూరపు యంత్రపు దినచర్యను చదివితిమి. ఈ జాతి తాళపుచెవి అంగీకృతముల పట్టికలో లేదని అందొక్క పంక్తి యుండెను.

మాది డి.ఎస్.ఏ. జాతి చెవి. అది బలహీనమని ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. వారు 2015లో 7.0 కూర్పునుండి దానిని సహజముగా అంగీకరించుట మానిరి, 2025లో 10.0 కూర్పున పూర్తిగా తొలగించిరి. ఆర్.ఎస్.ఏ. చెవులవారును గమనింపవలెను: 2021లో వెలువడిన 8.8 కూర్పు, షా-1తో చేసిన ఆర్.ఎస్.ఏ. సంతకములను సహజముగా త్రోసిపుచ్చును. అచ్చట చెవి చెడ్డది కాదు, సంతకపు రీతి పాతది. మన వైపు సాఫ్టువేరును నవీకరించిన చాలును.

పాత జాతిని మరల అంగీకరింపుమని కావలివానిని నిర్బంధించు ఉపాయము కొన్ని కూర్పులలో కలదు. మేము దానిని కోరలేదు. ఈడి25519 జాతి చెవిని క్రొత్తగా చేసి, పాస్‌వర్డుతో ప్రవేశించి, దాని బహిరంగభాగమును అచ్చట చేర్చితిమి. ఆ ప్రవేశమును మూయకయే, రెండవ ప్రవేశము సిద్ధించెనని చూచుకొంటిమి. పిదపనే పాతచెవిని తొలగించితిమి.

మరునాటి వేకువను లెక్కలు వచ్చినవి. ఆ వృద్ధుని ఊరి పేరును మేము మొట్టమొదట చదివితిమి. ఇప్పుడు నవీకరణమునకు ముందురోజుననే మా చెవి ఏ జాతిదో చూచుకొనుచున్నాము.